ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేస్తే సరిపోతుందా?

టర్బో (గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్ శక్తి పెంచుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఒకటే: ఫోర్జ్‌డ్ పిస్టన్లు, అంటే పోత పోయకుండా వేడి లోహాన్ని గట్టిగా నొక్కి మలిచినవి, వాటిని క్రాంకుకు కలిపే రాడ్లు ఎన్ని హార్స్‌పవర్ దాకా ఆగుతాయి? అమ్మేవారూ అదే లెక్కలో జవాబు చెబుతారు. చర్చ దారి తప్పేది అక్కడే అని నా అభిప్రాయం. హార్స్‌పవర్ అనేది టార్కునూ (తిప్పే బలాన్నీ) వేగాన్నీ గుణిస్తే వచ్చే అంకె. లోపలి లోహానికి ఆ అంకెతో పని లేదు. దాని మీద పడేవి మంట పుట్టించే ఒత్తిడి, వేగం పుట్టించే లాగుడు, వేడి. రెండు ఇంజిన్లు అదే 400 హార్స్‌పవర్ ఇస్తున్నా ఒకదానిలో రాడ్డు వంగిపోవచ్చు, రెండోది ఏళ్ల తరబడి చెక్కుచెదరకపోవచ్చు.

1990ల నాటి టయోటా సుప్రా కారులోని 2జేజెడ్-జీటీఈ ఇంజిన్‌నే తీసుకుందాం. సిలిండర్ వ్యాసం 86 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా 86 మి.మీ. మంట ఉద్ధృతంగా ఉన్న క్షణాన లోపల 100 బార్ల ఒత్తిడి ఉందనుకుంటే, పిస్టన్ మీద పడే బలం దాదాపు 5.9 టన్నులు. అది రాడ్డును పైనుంచి నొక్కుతుంది. వేగం వల్ల వచ్చే బలం దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిస్టన్, పిన్ను, రింగులు కలిపి 400 గ్రాములనుకుందాం. నిమిషానికి 7,000 చుట్ల దగ్గర, పిస్టన్ పైకంటా వెళ్లి వెనుదిరిగే చోట, ఆ 400 గ్రాములే రాడ్డును 1.2 టన్నుల బలంతో లాగుతాయి. పొగను బయటకు నెట్టే స్ట్రోకు చివర ఈ లాగుడికి ఎదురొత్తే మంట కూడా ఉండదు. చుట్లు 8,000కు పెరిగితే లాగుడు మరో 30 శాతం పెరుగుతుంది. దాన్ని ప్రధానంగా భరించేవి రాడ్డు కింది చివర ఉండే రెండు బోల్టులు.

కాబట్టి ఎక్కువ చుట్లు తిప్పాలనుకునేవారికి బోల్టుల నాణ్యత ప్రాణం. తక్కువ చుట్లలోనే ఎక్కువ టార్కు కోరుకునేవారికి రాడ్డు నడుము ప్రాణం. మన దేశంలో తిరిగే చిన్న టర్బో కార్లకు రెండోదే వర్తిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ 1.0 టీఎస్ఐ 1,750 చుట్ల దగ్గరే గరిష్ఠ టార్కు అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్ మార్చి అక్కడే ఇంకాస్త బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కిస్తే, హార్స్‌పవర్ అంకె పెద్దగా కదలకపోయినా రాడ్డు మీద భారం మాత్రం బాగా పెరుగుతుంది. పైగా తక్కువ వేగంలో ఎక్కువ బూస్ట్ పెడితే, స్పార్క్ ప్లగ్గు వెలగకముందే మిశ్రమం అంటుకునే ప్రమాదం ఉంది. చిన్న డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బోలను పిస్టన్ పగిలేదాకా తీసుకెళ్లే సమస్య ఇది. ఇంజిన్ ఆయిల్ తయారీదారులు కాల్షియం పాళ్లు తగ్గించి కొత్త ప్రమాణాలు తెచ్చుకున్నది దీని కోసమే.

సుప్రా ఇంజిన్‌కు అంత పేరు రావడానికి కారణం ఒక్క భాగం కాదు. పోత ఇనుము బ్లాకు, ఫోర్జింగ్ చేసిన క్రాంకు, పిస్టన్ల కింది నుంచి నూనె చిమ్మి చల్లబరిచే జెట్లు అన్నీ కలిసి పనిచేశాయి. సుబారు ఎస్‌టీఐ కారులోని 2.5 లీటర్ల ఇంజిన్‌లో పరిస్థితి వేరు. దాని పోత పిస్టన్లలో సిలికాన్ ఎక్కువ. గట్టిగా ఉంటాయి గానీ పెళుసు. నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు అంటుకోవడం) మొదలైతే రింగులు కూర్చునే గాడుల మధ్య ఉండే సన్నని గోడ చిట్లుతుంది. అక్కడ ఫోర్జ్‌డ్ పిస్టన్ వేయడం సరైన పనే. అయితే నాకింగ్‌కు కారణమైన ట్యూనింగును అలాగే వదిలేస్తే, కొత్త పిస్టన్ ఇచ్చేది గడువు మాత్రమే.

ఫోర్జ్‌డ్ పిస్టన్లన్నీ ఒకటి కావు. 2618 అనే అల్యూమినియం మిశ్రలోహంలో సిలికాన్ దాదాపు ఉండదు, 4032లో 12 శాతం దాకా ఉంటుంది. మొదటిది దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది. వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక సిలిండర్‌లో ఎక్కువ ఖాళీ వదలాలి. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే పిస్టన్ గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. రోజూ తిరిగే కారుకు నేనైతే 4032నే ఎంచుకుంటాను.

అసలు నైపుణ్యం కనిపించేది పెట్టెలోంచి తీసిన భాగంలో కాదు, దాన్ని అమర్చే బల్ల దగ్గర. పిస్టన్ రింగును సిలిండర్‌లోకి దించి, పిస్టన్ తలతోనే సమంగా నెట్టి, రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) పెట్టి చూడాలి. 86 మి.మీ. సిలిండర్‌లో టర్బో కోసం పై రింగుకు దాదాపు అర మిల్లీమీటరు సందు కావాలి. తక్కువైతే కొసను కొద్దికొద్దిగా అరగదీయాలి, అంచున మిగిలిన గరుకు తీసేయాలి, మళ్లీ కొలవాలి. సందు చాలకపోతే వేడికి సాగిన రింగు కొసలు ఒకదానికొకటి ఆనుకుంటాయి, రింగు సిలిండర్ గోడకు బిగుసుకుపోతుంది, పిస్టన్ గాడిని విరగ్గొడుతుంది. నింద మాత్రం పిస్టన్ కంపెనీ మీద పడుతుంది.

సిలిండర్ లోపలి గోడను రాపిడి రాళ్లతో సరిచేసే హోనింగ్ సంగతీ అంతే. హెడ్ బోల్టులు బిగించినప్పుడు సిలిండర్ గుండ్రనితనం కొన్ని మైక్రాన్లు తప్పుతుంది. అందుకే మంచి షాపులో బ్లాకు మీద మందపాటి టార్క్ ప్లేటు బిగించి, ఆ ఒత్తిడిలోనే హోనింగ్ చేస్తారు. లారీ ఇంజిన్ల రీబోరింగు చేసే షాపులకు మన దగ్గర కొదవ లేదు. ఆ ప్లేటు ఉందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇంధనం బలాన్ని ఎలా నిర్ణయిస్తుందో ఫార్ములా వన్ చరిత్రలోనే ఉంది. బీఎండబ్ల్యూ 1.5 లీటర్ల టర్బోకు ఆధారం 1960ల నాటి రోడ్డు కారు ఇంజిన్‌లోని ఇనుప బ్లాకు. దానికి అడ్డుపడింది నాకింగ్. టొల్యూన్ ఎక్కువగా ఉన్న ప్రత్యేక ఇంధనం వచ్చాక బూస్ట్ పెంచగలిగారు. 1983లో నెల్సన్ పికే ఆ ఇంజిన్‌తోనే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టర్బో కారుతో ఆ టైటిల్ గెలిచిన మొదటి డ్రైవర్ అతడే. మనకు ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో 100 ఆక్టేన్ (ఈ అంకె ఎంత ఎక్కువైతే నాకింగ్‌ను అంత బాగా అడ్డుకుంటుంది) పెట్రోలు తెచ్చింది. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు వేడినీ ఎక్కువగా పీల్చుకుంటుంది. అయితే అదే శక్తికి ఎక్కువ పరిమాణం కావాలి కాబట్టి ఇంజెక్టర్లు, పంపు దానికి సరిపోవాలి. టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, ఇంధనం, నాకింగ్ గమనించే పరికరాలు సిద్ధం కాకముందే రాడ్ల మీద డబ్బు పెట్టడం తొందరపాటు.

చట్టాన్నీ దాటవేయలేం. కంపెనీ నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి ఈ స్థాయి ఇంజిన్‌కు చోటు రేసు ట్రాకే.

ట్రాక్ కారు కోసమే అయినా, బ్లాకు అప్పగించే ముందు షాపును ఒక కాగితం అడగండి. ప్రతి సిలిండర్ వ్యాసం, పిస్టన్ ఖాళీ, రింగు సందు, బేరింగ్ ఖాళీ, బిగించినప్పుడు బోల్టు సాగుదల అందులో విడివిడిగా రాసి ఉండాలి. అది ఇవ్వలేమంటే, మరో షాపు చూసుకోండి.