కోర్సుల పుస్తకం గారికి ఉభయకుశలోపరి

మారతహళ్ళి,
బెంగళూరు.

మహారాజశ్రీ కోర్సుల పుస్తకం గారి దివ్యసముఖానికి,

తమ కళాశాలలో రెండో ఏడు చదువుతున్న ఒక విద్యార్థిని తండ్రి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కరలేదు. 148 పేజీల నున్నటి కాగితం, చెమ్మ అంటని అట్ట, లోపల మర్రిచెట్టు కింద కూర్చుని నవ్వుతున్న పిల్లలు. "సుస్థిర జీవనం" అనే కోర్సును కూడా అదే ప్లాస్టిక్ పూత కాగితం మీద అచ్చు వేయించుకున్న గుండె ధైర్యం తమది.

గురువారం నాడు నేను సగం రోజు సెలవు పెట్టి, సిల్క్ బోర్డు కూడలిలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చుని, తమ సన్నిధికి ఎందుకు వచ్చానో గుర్తుండే ఉంటుంది. ఎలెక్టివ్‌లు, అంటే మనకు నచ్చి తీసుకునే కోర్సులు, ఎంచుకునే ఫారం మీద తండ్రి సంతకం కావాలన్నారు. అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. ఓటుహక్కు ఉంది. అయినా "స్వేచ్ఛ, బాధ్యత, వ్యక్తి" అనే కోర్సులో చేరడానికి నాన్న సంతకం ఉండాల్సిందేనట. పెట్టాను. నా గొడవ అది కాదు.

నా గొడవ 93వ పేజీ.

దాని దగ్గరికి వెళ్ళేముందు ఒక మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో మిమ్మల్ని మొదట ప్రేమించినవాణ్ణి నేనే. అమ్మాయి లిబరల్ ఆర్ట్స్ చదువుతానన్న వార్త బంధువుల్లో పాకగానే, తిరుపతి నుంచి మా ఆవిడ అన్నగారు ఫోన్ చేశారు. పరామర్శకు వచ్చిన గొంతుతో "ఎంసెట్‌లో ర్యాంకు రాలేదా బావగారూ? పోనివ్వండి, మనసులో పెట్టుకోకండి" అన్నారు. ర్యాంకు రాకపోవడం కాదు, అసలు రాయనే లేదని చెప్పేసరికి ఇంకా హడలిపోయారు. లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు వేయడమా అని అడిగారు. అప్పుడు నాకు మీరే దిక్కయ్యారు. మీ ముందుమాట మొత్తం ఫోన్‌లో చదివి వినిపించాను. పూర్వం ఐరోపాలో వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, వాటిపైన అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం, ఈ ఏడూ స్వతంత్రుడైన మనిషి నేర్వదగిన విద్యలు అనేవారట. మనకైతే బాణభట్టు కాదంబరి నాటికే 64 కళలు. (ఈ కాదంబరి మాట 2020 జాతీయ విద్యా విధానంలోనే ఉందని, మీరు అక్కడి నుంచి దించుకున్నారని తర్వాత తెలిసింది. 64 కళల్లో అదీ ఒకటేమో.) "చూశారా బావగారూ, ఒక్క డిగ్రీలో నక్షత్రాలూ, నాటకాలూ, గణాంకాలూ, తెలుగూ" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "తెలుగు కూడానా?" అన్నారు. ఆ మాటతో నేను గెలిచాను. ఫీజు కట్టాను.

93వ పేజీలో ఏముందో మీకు చదివి వినిపించడం తాతకు దగ్గులు నేర్పడమే. "తెలుగు: లిపి నుంచి పద్యం వరకు. 4 క్రెడిట్లు." క్రెడిట్‌కు పదిహేను గంటల పాఠమని మీరే వేరేచోట లెక్క చెప్పారు కాబట్టి అరవై గంటల తెలుగు. మా అమ్మాయి ఈ ఊళ్ళోనే పుట్టింది. బడిలో పదేళ్ళు కన్నడం చదివింది, చక్కగా చదివింది, అందుకు మాకు గర్వమే. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. ఆంధ్రా బస్సు బోర్డులను కన్నడం కళ్ళతో చదువుతుంది. తలకట్టు తేడాయే కదా అని ధీమా. సగం అక్షరాలు చిక్కుతాయి, మిగతా సగం ఊహ. ఆ ఊహతోనే ఒకసారి పలమనేరు వెళ్ళాల్సిన మమ్మల్ని పుంగనూరు బస్సు ఎక్కించబోయింది. అలాంటి పిల్ల తనంతట తాను ఆ పేజీ మడిచి "నాన్నా, ఇది తీసుకుంటాను" అంటే తండ్రికి ఎలా ఉంటుందో చెట్టు బొమ్మలు వేసుకునే మీకేం తెలుస్తుంది?

కోర్సు పేరు పక్కన చిన్న నక్షత్రం ఉంది. చీమ తలంత. నక్షత్రాల చదువూ ఉందని నేను గొప్పలు పోయానే, అది ఇదేనన్నమాట. పేజీ అడుగున దాని వివరణ: "కనీసం 15 మంది నమోదైతేనే." దాని పక్కన: "అధ్యాపకులు: త్వరలో ప్రకటించబడును."

ఈ త్వరలో ప్రకటించబడును గారిని ఒక్కసారి చూడాలని నా కోరిక. మీలో వెతికితే ఆయన తొమ్మిది కోర్సులు చెబుతున్నారు. తెలుగు, పర్షియన్, పురావస్తు శాస్త్రం, సముద్ర జీవశాస్త్రం (బెంగళూరులో!), ఇంకా ఏవేవో. 64 కళలూ వచ్చిన మనిషి ఈ కాలంలో ఎవరైనా ఉంటే ఆయనే. గదికి పేరు పలక కూడా ఉండే ఉంటుంది. మనిషే లేడు.

అయినా మేము నిరుత్సాహపడలేదు. పదిహేను మందే కదా అని అమ్మాయి పది రోజులు తిరిగింది. బళ్ళారి నుంచి వచ్చిన ఇద్దరు కన్నడ పిల్లలు, వాళ్ళ అమ్మమ్మలు తెలుగువాళ్ళు. బరంపురం కుర్రాడు. సికింద్రాబాద్‌లో పెరిగిన మార్వాడీ అబ్బాయి. తెలుగు సినిమాలు విడుదల రోజే చూసే తమిళ అమ్మాయి. పదిహేను సంతకాలు అయ్యాయి. నేను కూడా ఊరుకోలేక వినతిపత్రం రాశాను. ఈ ఊరు కట్టించిన కెంపేగౌడ పేరనే గంగాగౌరీ విలాసమనే తెలుగు యక్షగానం ఉందని రాశాను. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు 1912లో మైసూరు మహారాజా కళాశాలలో చేరి దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పారని రాశాను. తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని 1910లో వెతికి అచ్చు వేయించింది బెంగళూరు నాగరత్నమ్మ అని రాశాను. 2008లో తెలుగుకు, కన్నడకు కలిపే ప్రాచీన భాష హోదా ఇచ్చారని కూడా చేర్చాను. నేను పంపుల కంపెనీలో లెక్కలు చూసుకునేవాణ్ణి. ఇవన్నీ సేకరించడానికి రెండు ఆదివారాలు పట్టింది. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. విద్యార్థులు పోర్టల్ ద్వారా మాత్రమే నమోదు చేసుకోగలరు."

ఇక గురువారం మధ్యాహ్నం.

పదకొండున్నరకు తమ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడ్డాం. లోపల ఉన్న అబ్బాయి మర్యాదస్తుడు, అతని మీద నాకు కోపం లేదు. సంతకాల కాగితం చూసి ఒక పేరు కొట్టేశాడు. ఆ పిల్లది చరిత్ర మేజరు, అంటే ప్రధాన సబ్జెక్టు, వాళ్ళకు భాషా ఎలెక్టివ్ లెక్కలోకి రాదట. అది 131వ పేజీలో ఉందట. చూశాను, ఉంది. మరో చీమ తల. పద్నాలుగు మందిమి మిగిలాం. అమ్మాయి క్యాంటీన్‌కు పరుగెత్తి, ఉదయం పదకొండు లోపు తరగతి పెట్టకూడదన్న షరతు మీద ఒక కుర్రాణ్ణి పట్టుకొచ్చింది. మళ్ళీ పదిహేను. ఒంటిగంటన్నర. కిటికీకి భోజన విరామం. రెండున్నరకు తెరిచారు.

"పదిహేను మంది సరిపోయారు సార్. ఇక పోర్టల్‌లో నమోదు చేసుకోండి" అన్నాడు.

పోర్టల్‌లో తెలుగు లేదు.

"సెక్షన్ తెరవలేదు కదా సార్, అందుకే కనబడదు."

సెక్షన్ ఎప్పుడు తెరుస్తారు?

"అధ్యాపకుడి పేరు ఎక్కిస్తేనే తెరుచుకుంటుంది."

ఆ పేరు ఎప్పుడు ఎక్కిస్తారు?

"పదిహేను మంది పోర్టల్‌లో నమోదైతే అప్పుడు మనిషిని వెతుకుతారు సార్."

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అని మా నాయనమ్మ అనేది. ఆవిడ ఏ సాఫ్ట్‌వేరునూ చూడకుండా చనిపోయింది. ఆ సామెత తెలుగులో ఉంది, తెలుగు కోర్సు మీద రుజువైంది, ఆ తెలుగు కోర్సు మాత్రం లేదు. నాలుగు నలభైకి కిటికీ మూశారు. వెనక్కి తిరిగి చూస్తే పదకొండు దాకా నిద్ర లేవనన్న కుర్రాడు ఇంకా మాతోనే నిలబడి ఉన్నాడు, పాపం.

ఇక నిన్ను మీరు అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఎందుకయ్యా నీకు ఆ పేజీ? పెట్టని కోర్సును పెడతానని ఎందుకు అచ్చు వేసుకున్నావు? మా వీధి చివర మెస్సులో గోంగూర అయిపోతే, బోర్డు మీద ఆ పేరును తడిగుడ్డతో తుడిచేస్తారు. తుడవడం మరచిపోతే సర్వరు తల గోక్కుంటూ వచ్చి "లేదు సార్" అంటాడు, ఆ లేదు అనడంలో సిగ్గు ఉంటుంది. పదిహేను మంది అడిగితేనే ఆకు కోస్తాం, ఆకు కోసినట్టు కనబడితేనే అడగనిస్తాం అని ఏ మెస్సువాడూ అనడు. వాడి భోజనం నూట ఇరవై రూపాయలు. నీ ఫీజు చెప్పమంటావా? వద్దు, మా ఆవిడ ఇప్పుడే నిద్రపోయింది.

నువ్వు రెండేళ్ళుగా అదే పేజీ, అదే చుక్క, అదే ప్రకటించబడును. కోర్సు తీసేస్తే నీ భాషల వరుస బోడిగా కనబడుతుంది. పెడితే ఖర్చు. అందుకని గుమ్మానికి కట్టిన ప్లాస్టిక్ మామిడాకులా వేలాడదీశావు. దూరం నుంచి పచ్చగా ఉంటుంది, వాడదు, రాలదు. దాన్ని చూసి ఒక పిల్ల నిజమని నమ్మింది. ఆమెను చూసి ఇంకో పద్నాలుగు మంది నమ్మారు. నేను ఆ పేజీ చూపించి మా బావమరిది నోరు మూయించాను. అది నాది తప్పు, సరే.

ఆ రోజు నీ ప్రాంగణంలో నేను తెలుగు వినలేదని కాదు. గేటు దగ్గర కాపలా ఆయన మదనపల్లె మనిషి, "ఏం సార్, పని అయిందా?" అని అడిగాడు. క్యాంటీన్‌లో దోసెలు పోసే ఆమెది హిందూపురం. వాళ్ళకు జీతం ఇచ్చేది ఎవరో నీ పుస్తకంలో లేదు గానీ, నీ 93వ పేజీ నడిపిస్తున్నది ప్రస్తుతానికి ఆ ఇద్దరే.

మిగతావి కూడా అనేసి పోతాను. కోర్సు పేరులో రెండు చుక్కలు లేకపోతే నీకు అన్నం సహించదా? "చెత్త: విలువల పునర్విచారణ." "నగరం: నడక, నిశ్శబ్దం, నేను." ఈ ఊళ్ళో నడక ఎక్కడ, నిశ్శబ్దం ఎక్కడ? ఇక నాలుగేళ్ళ సంగతి. కర్ణాటక ప్రభుత్వం 2021లో నాలుగేళ్ళ డిగ్రీ అంది, 2024లో మళ్ళీ మూడేళ్ళే అంది. నువ్వు మాత్రం ఆ నాలుగో ఏడును వదలలేదు. 120 క్రెడిట్లతో ఆపేయవచ్చని చిన్న అక్షరాల్లో, 160 దాకా వెళ్తే పరిశోధకులు అవుతారని పెద్ద అక్షరాల్లో రాశావు. నీ అక్షరాల పరిమాణం చూసి నీ మనసు చెప్పడం ఇప్పుడు నాకు వచ్చేసింది.

తెలుగుకు బదులుగా ఖాళీ ఉన్నది ఒక్కటే అన్నాడు కిటికీ అబ్బాయి: "నిద్ర: ఒక సాంస్కృతిక చరిత్ర." నేను పగలబడి నవ్వాను. నిద్రపోవడానికి నేను ఫీజు కట్టాలా? అమ్మాయి నవ్వలేదు. ఫారం నింపింది. సంతకం పెట్టాను.

సోమవారం మొదటి తరగతి. రాత్రి భోజనాల దగ్గర కాగితం పట్టుకుని వచ్చింది. మీ ఇంటి భాషలో నిద్రకు ఎన్ని మాటలున్నాయో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రమ్మన్నారట. నేను ముభావంగా "కునుకు" అన్నాను. మా ఆవిడ వంటింట్లోంచి "కోడి కునుకు" అంది. కునికిపాటు, తూగు, జోగు, కలత నిద్ర, మొద్దు నిద్ర వచ్చాయి. మా అత్తగారికి ఫోన్ చేస్తే "మాగన్ను" అన్నారు. మాగన్నూ మగతా ఒకటేనని మా ఆవిడ. కాదని తిరుపతి నుంచి వాళ్ళ అన్న: మగత జ్వరంలోనో మందుకో వచ్చేది, మాగన్ను అంటే కన్ను మూతపడినా చెవి మేలుకుని ఉండేది. గంటన్నర వాదించుకున్నారు. ఆఖరున ఆయన "దీనికి మార్కులు కూడా వేస్తారా బావగారూ?" అని అడిగారు. ఆ గొంతులో పరామర్శ లేదు.

ఇది చదివి మురిసిపోకు. ఈ ఘనత నీ ఖాతాలో జమ వేసుకున్నావో, చూడు. ఆ పాఠం చెప్పిన ఆవిడ ఎవరో గానీ ఆవిడకు నా నమస్కారాలు. ఆవిడ పేరు పక్కన ప్రకటించబడును అని లేదు, అంతే తేడా.

అమ్మాయి నిద్రపోయాక ఆ కాగితం చూశాను. పదకొండు మాటలు, వరుసగా, పొందికగా రాసుకుంది. మాగన్ను కింద రెండు గీతలు గీసింది. అన్నీ తెలుగు మాటలే. అక్షరాలు మాత్రం కన్నడం.

పదిహేను సంతకాల కాగితం నా దగ్గరే ఉంది. జనవరిలో మళ్ళీ వస్తాను.

ఇట్లు,
93వ పేజీ మడత విప్పని
ఒక తండ్రి