‘ఈ అంకె ఎక్కడిది?’ అని ఇంటర్న్‌ను అడగనివ్వండి

జర్నలిజం, మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్లు కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌లో (కంపెనీ తరఫున పత్రికలకు, జనానికి సమాచారం ఇచ్చే విభాగంలో) ఇంటర్న్‌షిప్ అనగానే అక్కడ రాయడం నేర్చుకోవచ్చని ఆశపడతారు. నేనూ ఆ ఆశతోనే చేరాను. తీరా చూస్తే రాయడం కాసేపటి పనే. రాసింది గడప దాటడానికే రోజులు పడుతుంది. ఒక్క పేజీ ప్రెస్ నోట్ ముందు ప్రోడక్ట్ టీమ్‌కు, తర్వాత లీగల్‌కు, కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉంటే ఫైనాన్స్‌కు, చివరికి ఎండీ ఆఫీసుకు వెళ్లొస్తుంది. వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒక మాట రాలిపోతుంది. ‘మొట్టమొదటి’ అని రాస్తే లీగల్ వాళ్లు ఆధారం చూపించమంటారు. ‘త్వరలో’ అంటే ఫైనాన్స్ వాళ్లు ఎప్పుడో చెప్పమంటారు. ఫైలు పేరేమో ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ కరెక్టెడ్ అని పెరుగుతూ పోతుంది.

ఆ కొట్టివేతల్లోనే అసలు చదువంతా ఉందని నా అభిప్రాయం. ఏ మాటకు ఆధారం ఉంది, ఏది ఊరికే ఊపు కోసం పడింది, ఏది రేపు కోర్టులో మెడకు చుట్టుకుంటుంది అన్నది తేలేది అక్కడే. చిక్కేమిటంటే, చాలాచోట్ల ఆ చర్చ ఇంటర్న్ చెవిన పడదు. మార్పులు చేసిన కాగితం తిరిగొస్తుంది. ఎందుకు చేశారో రాదు.

మరి ఇంటర్న్ ఏం చేస్తారు? పొద్దున్నే పేపర్లు, వెబ్‌సైట్లు గాలించి కంపెనీ పేరు ఎక్కడెక్కడ వచ్చిందో ఎక్సెల్ షీటులో ఎక్కిస్తారు. దాన్ని కవరేజ్ రిపోర్ట్ అంటారు. అందులో ఒక వింత కాలమ్ ఉంటుంది. వార్త వచ్చినంత జాగాలో ప్రకటన వేసుంటే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, అంత విలువ సంపాదించామని చూపించడం. ఈ లెక్క కమ్యూనికేషన్ విలువను చెప్పదని ఆ రంగంలోని నిపుణుల సంఘాలే 2010లో బార్సిలోనాలో కూర్చుని తేల్చేశాయి. అయినా ఆ కాలమ్ పోలేదు. పై అధికారికి చూపించడానికి అంతకన్నా పెద్ద అంకె దొరకదు మరి.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు. ‘సార్, ప్రెస్ నోట్ అందిందా?’ అని రిపోర్టర్లను అడగడం. డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆ ప్రశ్న ఎంత చిరాకో చెప్పక్కర్లేదు.

ఇక ఎండీ గారి కోట్. ‘ఈ భాగస్వామ్యం మాకెంతో సంతోషాన్నిస్తోంది’ లాంటి వాక్యం లేని ప్రెస్ నోట్ ఉండదు. ఆయన ఏమన్నారో ఆయనకంటే ముందు ఇంటర్న్‌కే తెలుస్తుంది! ఆయన చదివి సరేనంటే అది ఆయన మాటే అవుతుందని వాదిస్తారు, ఒప్పుకోవచ్చు. చదవకుండానే సరేనంటేనే ఇబ్బంది.

నాకు బాగా గుర్తుండిపోయింది ఒక అంకె. పాత ప్రెస్ నోట్ ముందేసుకుని కొత్తది రాస్తుంటే, ‘లక్షకు పైగా వినియోగదారులు’ అన్న మాట కనిపించింది. ఎక్కడిదని అడిగితే ‘పోయినసారి కూడా ఇదే వేశాం కదా’ అన్నారు. పోయినసారి దానికి మూలం సేల్స్ వాళ్ల ప్రెజెంటేషన్. తెరిచి చూస్తే, అక్కడ ఆ లక్ష మరుసటి ఏడాదికి పెట్టుకున్న టార్గెట్! ఇందులో అబద్ధమాడాలని కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. ఒకరి ఫైలులోంచి ఇంకొకరి ఫైలులోకి కాపీ అవుతూ ఆశ కాస్తా వాస్తవమైపోయింది. కొత్త నోట్‌లో ఆ వాక్యం తీసేశారు. పాతది వెబ్‌సైట్‌లో అలాగే ఉండిపోయింది.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, ఈ వృత్తి చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1906లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో రైలు ప్రమాదం జరిగి 50 మందికి పైగా చనిపోయారు. అప్పట్లో రైల్వే కంపెనీలకు ప్రమాదాలను కప్పిపుచ్చడమే అలవాటు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు పనిచేస్తున్న మాజీ పాత్రికేయుడు ఐవీ లీ మాత్రం వివరాలను కంపెనీ తరఫునే బయటపెట్టించాడు. విలేఖరులను ప్రమాదస్థలానికి తీసుకెళ్లే ఏర్పాటూ చేయించాడు. ఆ ప్రకటననే మొదటి ప్రెస్ రిలీజ్‌గా చాలామంది చెబుతారు. అదే లీ, 1914లో కొలరాడోలోని లడ్‌లోలో సమ్మె చేస్తున్న గని కార్మికుల శిబిరంపై దాడి జరిగి పిల్లలు సహా పలువురు చనిపోయాక, ఆ గని కంపెనీలో పెద్ద వాటా ఉన్న రాక్‌ఫెల్లర్ కుటుంబం తరఫున బులెటిన్లు రాశాడు. వాటిలో తప్పుడు వివరాలున్నాయని తర్వాత బయటపడింది. యాజమాన్యం ఇచ్చిన సమాచారాన్ని సరిచూసుకోకుండానే వాడాడు. మొదటిసారి కంపెనీ లోపలివాళ్లతో వాదించిన మనిషి రెండోసారి వాళ్లు చెప్పింది రాసుకున్నాడు. రాత నైపుణ్యం రెండుసార్లూ ఒకటే.

అందుకే ఇంటర్న్‌ను క్లిప్పింగులకు కట్టేయడం కంపెనీకే నష్టం అంటాను. పాతుకుపోయిన ఉద్యోగికి అడగడానికి మొహమాటం, ఒక్కోసారి భయం. కొత్తగా వచ్చినవాళ్లకు తెలియకపోవడం సహజం కాబట్టి ఏదైనా అడగొచ్చు. అన్నీ చూపించలేమని కంపెనీలు అంటాయి. నిజమే, ప్రకటించని ఆర్థిక ఫలితాలు విద్యార్థి చేతిలో పెట్టమని ఎవరూ అనరు. కానీ ముగిసిపోయిన వ్యవహారాల ఫైళ్లున్నాయి. సరుకులో లోపం బయటపడిన రోజు మొదటి గంటలో ఇచ్చిన హోల్డింగ్ స్టేట్‌మెంట్ (పూర్తి వివరాలు తేలేలోపు ఇచ్చే చిన్న ప్రకటన), రిపోర్టర్లు అడగొచ్చని ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు, జవాబులు, ఉద్యోగులకు పంపిన మెయిల్ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క పూటలో బోలెడు నేర్చుకోవచ్చు. (స్టైపెండ్ సంగతి వేరే ఎత్తాలి. ఏజెన్సీకి డబ్బిచ్చి చేయించే పనిని ‘అనుభవం’ పేరుతో ఉచితంగా చేయించుకోవడం ఏ లెక్కలో చూసినా తప్పే.)

కాలేజీలు కూడా కొంత మారాలి. ఇప్పుడు సర్టిఫికెట్, దాంతోపాటు క్లిప్పింగులు అతికించిన లావుపాటి రిపోర్ట్ ఇస్తే మార్కులు పడిపోతున్నాయి. దాని బదులు ఒకే ఒక్క ప్రెస్ నోట్‌ను, కంపెనీ పేరు, గోప్యమైన వివరాలు తీసేసి, మొదటి డ్రాఫ్ట్ నుంచి చివరిదాకా పెట్టమనాలి. ఏ మాట ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నది పక్కన రాయమనాలి. రాయలేకపోయారంటే తమ విద్యార్థిని ఆ ఆఫీసులో ఎక్కడ కూర్చోబెట్టారో కాలేజీకి తెలిసిపోతుంది. మరుసటి ఏడాది అక్కడికి పంపాలో లేదో అప్పుడు ఆలోచించుకోవచ్చు.