వెనక్కి తిరిగిన ప్రొఫెసర్

1899 ఏప్రిల్. అమెరికాలోని అట్లాంటాలో ఓ నల్లజాతి ప్రొఫెసర్ చేతిలో ఉత్తరంతో పత్రికాఫీసుకు నడిచి వెళ్తున్నాడు. పేరు డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్. యజమానిని చంపాడని జనం వెంటాడుతున్న శామ్ హోస్ అనే కూలీ గురించి నిదానంగా ఆలోచించమని అందులో రాశాడు. దారిలోనే కబురు తెలిసింది. గుంపు హోస్‌ను అప్పటికే తగలబెట్టేసింది. అతని వేళ్ల కణుపుల ఎముకలను ఇంకొంచెం ముందున్న ఓ కిరాణా కొట్టులో జనం చూడ్డానికి పెట్టారు. డుబాయిస్ పత్రికాఫీసుకు వెళ్లలేదు. వెనక్కి తిరిగాడు.

ఫిలడెల్ఫియాలో ఇల్లిల్లూ తిరిగి నల్లవాళ్ల బతుకులను లెక్కకట్టిన మనిషి ఆయన. నిజాలు ముందు పెడితే జనం మారతారని నమ్మాడు. తోటివాళ్లను చంపుతుంటే ఏమీ పట్టనట్టు పరిశోధన చేసుకోలేనని ఆ రోజు అర్థమైంది. 1909లో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడే ఎన్‌ఏఏసీపీ అనే సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నాడు, ఆ మరుసటి ఏడాది దాని పత్రికకు సంపాదకుడయ్యాడు. పరిశోధన మాత్రం వదల్లేదు.

1935లో ఆయన చెప్పిన ఒక మాట మనకు బాగా పనికొస్తుంది. తెల్ల కూలీకి డబ్బు తక్కువే వచ్చినా, తెల్లవాడైనందుకు మర్యాద దక్కేది. పార్కుల్లోకి రానిచ్చేవారు, మంచి బడులుండేవి, పోలీసులు తన మనుషులే. ఆ మర్యాద కూడా ఒక కూలేనన్నాడు డుబాయిస్. అది పోతుందన్న భయంతోనే పేదవాడు పక్కనున్న పేదవాడితో చేతులు కలపడు. రాజకీయ నాయకులకు కావాల్సిందీ అదే.

ఇది అమెరికా కథేనని ఎలా అనుకుంటాం? చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లో ఓ దళితుడి కాలు అగ్రకులం మనిషికి తగిలినందుకు. 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపారు. కాలు తగిలితే పోయేది ఆ మర్యాదే కదా!

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలో మన హైదరాబాద్ ఇంజినీరును 'మా దేశం వదిలిపో' అని అరిచి కాల్చేశారు. ఆ వారమంతా మా అపార్ట్‌మెంట్‌లో పిల్లల్ని పంపినవాళ్లందరికీ ఒకటే టెన్షన్. నాకూ నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు హైదరాబాద్ టోలీచౌకిలో ఒక టు-లెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లాను. మెట్ల మీద ఒక ఆఫ్రికన్ కుర్రాడు, చేతిలో కాలేజీ ఐడీ కార్డు. 'నిన్ననే ఇచ్చేశాం బాబూ' అంది ఇంటావిడ. అతను గేటు దాటగానే నాతో, 'రండన్నా, పైపోర్షన్ చూపిస్తా' అంది. బోర్డు అక్కడే వేలాడుతోంది. నిజాం దగ్గర పనిచేసిన ఆఫ్రికన్ అశ్వదళం పేరుతో ఏసీ గార్డ్స్ అనే పేట ఉన్న ఊరు మనది. నేను కూడా ఆవిడను ఏమీ అనలేదు, ఇప్పటికీ అది నన్ను తొలుస్తూనే ఉంది.

కాల్పులు జరిగితేనే మనకు అది వార్త. దానికి ముందు గుమ్మాల దగ్గర జరిగేది ఎవరూ రాసుకోరు. డుబాయిస్ ఫిలడెల్ఫియాలో తిరిగినట్టు మన యూనివర్సిటీల వాళ్లు టోలీచౌకిలో ఇల్లిల్లూ తిరగాలి. ఎవరికి ఇల్లు ఇచ్చారు, ఎవరికి లేదన్నారు, ఏం చెప్పి పంపించారు అని అడిగి రాసుకోవాలి. మొదట ఆ మెట్ల దగ్గరికి వాళ్లను నేనే తీసుకెళ్తాను.