తొమ్మిది పాయింట్ల రాయలు

వారంలో ఇది ఆరోసారి. ముందు హిందూపురం నుంచి మా చిన్నమామ పంపాడు. తర్వాత కాలేజీ గ్రూపులో వచ్చింది. నిన్న పొద్దున బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ల గ్రూపులో మూడు దండాల బొమ్మలతో సహా దిగింది. ఒక పెద్ద దర్శకుడు శ్రీకృష్ణదేవరాయల మీద భారీ సినిమా తీయబోతున్నాడట. తియ్యనీ, సంతోషం. నా గొడవ ఆ కబురుకి తోకలా అంటించిన 'రాయల గురించి దాచిపెట్టిన తొమ్మిది నిజాలు'తోనే. అనంతపురంలో ఆయన పేరు పెట్టుకున్న యూనివర్సిటీలో చదువుకున్న ప్రాణం, ఊరుకోమంటే ఊరుకోవడం లేదు.

మొదటిది, బడ్జెట్ వెయ్యి కోట్లు. డబ్బు మీదీ కాదు, నాదీ కాదు. రెండోది, రాయల కులం. దానికి దూరం నుంచే ఓ నమస్కారం. మూడోది, వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మారన్నది. పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు హంపీ బజారులో వజ్రాలు, కెంపులు, ముత్యాలు అమ్ముతుంటే చూశానని రాశాడు. రాశులు పోసింది మాత్రం మనమే. పోనీండి, మన పోత మనకు ముద్దు.

నాలుగోదాని దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఉన్నదున్నట్టు చెబుతాను: "రాయలు అచ్చ తెలుగువాడు. కన్నడం ముక్క రాదు. దేశభాషలందు తెలుగు లెస్స అన్నది ఆయనే. ఈ సినిమా కన్నడంలో తీస్తే మనవాళ్లెవరూ చూడకూడదు. కర్ణాటకలో ఉన్న ప్రతి తెలుగువాడూ షేర్ చెయ్యాలి."

'తెలుగు లెస్స' అన్నది ఒక పద్యంలో నాలుగో పాదం. అదొక్కటే పట్టుకుని ఊరేగుతున్నారు. పైన ఇంకో మూడు పాదాలు ఉన్నాయి కదయ్యా! రాయలు రాసిన ఆముక్తమాల్యదలో ఆ మాట రాయలది కాదు, ఆయన కలలోకి వచ్చిన ఆంధ్రవిష్ణువుది. కళింగ దండయాత్రకు వెళ్తూ శ్రీకాకుళంలో (కృష్ణా జిల్లాది, ఉత్తరాంధ్రది కాదు) ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి వచ్చిన కల అది. "తెలుఁగదేల యన్న" అని పద్యం మొదలవుతుంది. తెలుగులోనే ఎందుకు రాయాలి అంటావా, అని. ఇంటా బయటా తెలుగు తప్ప మరోటి రానివాడికి ఆ ప్రశ్న ఎందుకు పుడుతుంది? మూడో పాదం ఇంకా తమాషా. "ఎల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి" అంటాడు దేవుడు. నిన్ను కొలిచే రాజులందరితోనూ వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడినవాడివి, నీకు తెలియదా అని. అంటే మీరు గుండెలు బాదుకుంటూ పంపుతున్న ఆ పద్యమే, ఆయనకు బోలెడు భాషలు వచ్చని చెబుతోంది. అదే కలలో దేవుడు తనను తెలుగు రాయడినని చెప్పుకుని, ఎదురుగా ఉన్నాయనను "కన్నడ రాయ" అని పిలిచాడు. ఇప్పుడేం చేద్దాం? ఆంధ్రవిష్ణువును గ్రూపులోంచి తీసేద్దామా?

ఇంకొకటి. ఆ "దేశభాషలందు తెలుగు లెస్స" అన్న మాట రాయల కంటే చాలా ముందే క్రీడాభిరామం అనే పాత తెలుగు పుస్తకంలో ఉంది. ఆయన దాన్ని ఎత్తుకుని తన పద్యంలో పొదిగాడు. ఇక ఆముక్తమాల్యదలో కథ ఎవరిది? శ్రీవిల్లిపుత్తూరు గోదాదేవిది, తమిళ పిల్లది. రాసినవాడి వంశం పేరు తుళువ. రాజధాని హంపీ. ఆయన బిరుదుల్లో ఆంధ్రభోజుడు ఎంత నిజమో, కన్నడరాజ్య రమారమణుడూ అంతే నిజం. హంపీ విరూపాక్షాలయంలో పట్టాభిషేకం నాటి శాసనం సంస్కృతంలో, కన్నడంలో ఉంది. నంది తిమ్మన పారిజాతాపహరణం చెప్పిన కొలువులోనే తిమ్మణ్ణ కవి కన్నడంలో కుమారవ్యాసుడు వదిలేసిన భారత పర్వాలు పూర్తి చేశాడు. ఒకే రాజు, రెండు భాషలు, ఇద్దరు తిమ్మనలు. వాళ్లిద్దరూ కొట్టుకున్నట్టు మాత్రం ఎక్కడా చదవలేదు.

ఇదంతా పాత పుస్తకాల గొడవ అయితే నవ్వి వదిలేద్దును. మా పక్కింటావిడది హంపీ పక్కనున్న హోస్పేట. ఉగాదికి ఆవిడ ఒబ్బట్లు మా ఇంటికి, మా బొబ్బట్లు వాళ్లింటికి వెళ్తాయి (రెండూ ఒకటే అని ఇద్దరం ఒప్పుకోం). నిన్న లిఫ్టులో ఫోను చూపించి, "కృష్ణదేవరాయరు నిమ్మవరంతె, హౌదా?" (రాయలు మీవాడట కదా, అవునా?) అని నవ్వుతూనే అడిగింది. ఎవరో ఆవిడకూ పంపారు. నాకు ఆ పూట తల ఎత్తబుద్ధి కాలేదు. మనం బతుకుతున్న ఈ ఊరు, 1537లో విజయనగర సామంతుడు కెంపేగౌడ కట్టించిన ఊరు. ఇదే ఊళ్లో వయ్యాలికావల్‌లో మన తెలుగు విజ్ఞాన సమితి తన కళామందిరానికి రాయల పేరే పెట్టుకుంది, ఎవరూ వద్దనలేదు. అలాంటి చోట కూర్చుని 'చూడకూడదు' అని ఫత్వాలేమిటి? అవతలివైపూ ఇలాంటివే తిరుగుతున్నాయని నాకు తెలుసు. తెలుగువాళ్లు మా రాయల్ని ఎత్తుకుపోయారని. వాళ్లకు జవాబు చెప్పడానికి వాళ్లలోనే ఎవరో ఓపికున్నవాళ్లు ఉంటారు. నా వంతు మా చిన్నమామ.

అయిదోది: 'తళ్లికోట యుద్ధంలో రాయలు వీరమరణం'. క్లైమాక్సు అదేనట. రాయలు పోయింది 1529లో. ఆ యుద్ధం 1565లో. పోయిన 36 ఏళ్లకు గుర్రమెక్కించాలంటే గ్రాఫిక్స్‌కు ఆ వెయ్యి కోట్లూ చాలవు. యుద్ధమే కావాలంటే 1520 నాటి రాయచూరు ఉంది కదా! గెలిచిన యుద్ధం, పైగా బతికుండగానే.

ఆరోది, అష్టదిగ్గజాలంతా ఒకేసారి కొలువులో కూర్చుని ఉండేవారన్నది. పెద్దన, తిమ్మన సరే. భట్టుమూర్తి వసుచరిత్రను అంకితమిచ్చింది తిరుమలరాయలకు, ఆ తళ్లికోట తర్వాత రాజైనవాడికి. ఇంక తెనాలి రామకృష్ణుణ్ణి ముట్టుకుంటే మీరు నన్ను బతకనివ్వరు కాబట్టి ముట్టుకోను.

ఏడోది, 'అప్పాజీ కళ్లు పీకించాడని చరిత్ర రుజువు చేసింది'. అప్పాజీ అంటే రాయల మంత్రి తిమ్మరుసు. చరిత్ర కాదు, నూనిజ్ అనే గుర్రాల వ్యాపారి రాశాడు, రాయలు పోయాక ఊళ్లోకి వచ్చి విన్నది. కథగా గుండె పిండేస్తుంది, ఒప్పుకుంటాను. 1962లో 'మహామంత్రి తిమ్మరుసు' సినిమాలో ఎన్టీఆర్, గుమ్మడి పిండేశారు కూడా. రుజువు మాత్రం అనకండి.

ఎనిమిదోది, రాయలు ఆరున్నర అడుగుల ఎత్తట, పాత్రకు ఫలానా హీరో తప్ప ఎవరూ సరిపోరట. కళ్లారా చూసిన పాయెస్ ఏమన్నాడంటే, మధ్యస్థం ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్ళున్న మనిషి, మొహాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికీ పట్టించి, బరువులు పట్టి, కత్తి తిప్పి, ఆ నూనె మొత్తం చెమటగా కారిపోయేదాకా వదిలేవాడు కాదట. ఆ తర్వాత మల్లుడితో కుస్తీ, ఆపైన గుర్రపు స్వారీ. దర్శకుడుగారూ, ఆ మచ్చలు మేకప్పుతో కప్పెయ్యకండి. ఆ నూనె సీను తీస్తే మొదటి రోజు మొదటి ఆటకు మా పక్కింటావిడను తీసుకుని నేనే వస్తాను, ఏ భాషలో తీసినా సరే.

తొమ్మిదోది చూసి పెద్దగా నవ్వాను. 'బాబరే స్వయంగా రాయల్ని గొప్ప రాజు అన్నాడు' అని. పోనీ ఓసారి చూద్దామని బాబర్‌నామా తిరగేస్తే నవ్వు ఆగిపోయింది. హిందూస్థాన్‌లోని హిందూ రాజుల్లో రాజ్యంలోనూ సైన్యంలోనూ అందరికన్నా పెద్దవాడు విజయనగర రాజేనని, మేవాడ్ రాజు రాణా సంగా కంటే ముందే చెప్పాడు. చిన్నమామా, ఇది నువ్వే గెలిచావు. ఆయన పేరు మాత్రం బాబర్ రాయలేదు, 'విజయనగర రాజు' అనే అన్నాడు. ఆ ఒక్క ముక్క దిద్ది, మిగతా ఎనిమిదీ కొట్టేసి, మళ్లీ పంపు.