ఇంపాక్ట్ పైసలు పైనుంచి వస్తున్నాయి, కింద ఏం జరుగుతోందో తెలిసినవాణ్ని ఎవరు అడుగుతున్నారు?

లాభంతో పాటు సమాజానికి మేలూ కోరే సామాజిక పెట్టుబడి (ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్) రంగంలో పనిచేసేవాళ్లు అనగానే మన కళ్లముందుకు వచ్చేది ముంబైలోనో హైదరాబాద్‌లోనో కూర్చునే ఫండ్ మేనేజర్, ఆయన కింద ఎక్సెల్ షీట్లు చేసే ఎనలిస్టు, ఏడాదికోసారి రిపోర్టు రాసిచ్చే కన్సల్టెంటు. నా లెక్కలో ఈ రంగానికి అసలు ఉద్యోగి వేరే ఉన్నాడు. పరకాలలోనో నర్సంపేటలోనో పొద్దున్నే బైకు తీసి, జనం పొలానికి పోకముందే ఒక ఇంటి వాకిట్లో గ్రూపు మీటింగు పెట్టి కిస్తీలు రాసుకునే సూక్ష్మరుణ సంస్థ ఫీల్డ్ ఆఫీసర్. ఇంటరో డిగ్రీనో చదివి ఉంటాడు, సొంతూరు వేరే జిల్లాలో ఉంటుంది, తోటి స్టాఫుతో కలిసి ఒక గదిలో సర్దుకుంటాడు. అప్పు తీసుకున్న ఇంట్లో నిజంగా ఏం జరుగుతోందో, ఆ పైసలు నడిచే దారి మొత్తంలో తెలిసినవాడు అతనొక్కడే. జీతం అందరికంటే తక్కువ కూడా అతనికే.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, తెలంగాణలో సూక్ష్మరుణాలకు మళ్లీ దారి తెరుచుకుంది. సూక్ష్మరుణ సంస్థలను కట్టడి చేయడానికి ఉమ్మడి రాష్ట్రంలో తెచ్చిన 2010 చట్టం, రిజర్వు బ్యాంకు దగ్గర రిజిస్టరైన ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు చెప్పింది. పన్నెండేళ్లకు పైగా ఇటువైపు రావడానికి జంకిన సంస్థలకు అది పెద్ద కబురు. వాటి వెనకాల పెట్టుబడి పెట్టేవాళ్లలో ఇంపాక్ట్ ఫండ్లూ ఉంటాయి. ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అనే పేరు పుట్టింది 2007లో, ఇటలీలోని బెలాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ పెట్టిన సమావేశంలో. లాభమూ రావాలి, సమాజానికి మేలూ జరగాలి, ఆ మేలును కొలిచి చూపించాలి, ఇదీ దాని మాట. ఈ రంగానికి ప్రపంచ స్థాయి వేదికగా ఉన్న జీఐఐఎన్ 2024 అంచనా ప్రకారం ఇలాంటి పెట్టుబడుల మొత్తం దాదాపు 1.57 లక్షల కోట్ల డాలర్లు. అందులో మన దగ్గరికి చేరేది చిన్న ముక్కే, కానీ ఆ ముక్క ఎలా వస్తుందో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో మనకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఒకసారి దాని దెబ్బ తిన్నది మనమే.

2010 గుర్తున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు, కానీ ఈ రంగంలోకి ఇప్పుడు వస్తున్న పిల్లల్లో చాలామంది అప్పుడు బడిలో ఉన్నారు. ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో లాభాపేక్ష లేని సంస్థగా మొదలైంది. తర్వాత కంపెనీగా మారింది, యూనిటస్ లాంటి సామాజిక పెట్టుబడి నిధులు, చిన్న పరిశ్రమల కోసం ఉన్న ప్రభుత్వ రంగ బ్యాంకు సిడ్బీ అందులో డబ్బు పెట్టాయి, తర్వాత పెద్ద వెంచర్ ఫండ్లు వచ్చాయి. 2010 ఆగస్టులో సుమారు 1,650 కోట్ల రూపాయల ఐపీఓతో (జనానికి తొలిసారి షేర్లు అమ్మి) స్టాక్ మార్కెట్‌కు ఎక్కింది. రెండు నెలలు తిరిగేసరికి, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యల వార్తలు వరసగా వస్తుంటే, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, అదే తర్వాత చట్టమైంది. జిల్లాలో రిజిస్టర్ కావాలి, వారం వారం వసూళ్లు బంద్, నెలకోసారే కిస్తీ, ఇంటి మీదికి పోవద్దు, పంచాయతీ ఆఫీసులాంటి నలుగురు చూసే చోటే వసూలు చేయాలి. వసూళ్లు కుప్పకూలాయి. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ, దాని కొత్త నిబంధనలు, ఇవన్నీ వచ్చాయి.

ఆ ఏడాది గురించి మాట్లాడేటప్పుడు ఐపీఓ చేసినవాళ్లనో, ప్రభుత్వాన్నో తిట్టి వదిలేస్తారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. ఒకే ఇంట్లో నాలుగైదు సంస్థల అప్పులు పడుతున్నాయని, ఒకదాని కిస్తీ ఇంకోదాని అప్పుతో కడుతున్నారని ఫీల్డ్ స్టాఫుకు ముందే తెలుసు. ఒకే వాకిట్లో సోమవారం ఒక కంపెనీ, బుధవారం ఇంకో కంపెనీ మీటింగు పెడుతుంటే తెలియకుండా ఎలా ఉంటుంది? ఆ సమాచారం బ్రాంచి దాటి పైకి పోలేదు, ఎందుకంటే పైకి పోవాల్సిన కాగితంలో దానికి గడి లేదు. ఎంతమందికి అప్పిచ్చాం, వసూలు ఎంత శాతం, ఈ రెండే గడులు. పెట్టుబడిదారుల రిపోర్టుల్లో ఆ మొదటి అంకెకే ‘ఇంతమంది పేద మహిళలకు చేరువయ్యాం’ అని పేరు, రెండో అంకె ‘వాళ్లు సంతోషంగా ఉన్నారు’ అనడానికి సాక్ష్యం. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది శాతం వసూలు అంటే జనం బాగుపడుతున్నారని కాదు కదా, పుస్తెలతాడు కుదువపెట్టి కట్టినా ఆ శాతంలో తేడా రాదు.

ఇప్పుడు నిబంధనలు మారాయి, మెరుగైనాయి కూడా. 2022 నుంచి రిజర్వు బ్యాంకు లెక్క ప్రకారం ఏడాదికి 3 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది సూక్ష్మరుణం. ఆ కుటుంబం నెలనెలా కట్టే అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటొద్దు. కాగితం మీద చాలా మంచి నిబంధన. కానీ ఆ ‘నెల ఆదాయం’ అనే అంకె ఎక్కడ పుడుతుంది? అదే వాకిట్లో, అదే ఫీల్డ్ ఆఫీసర్ ట్యాబ్‌లో. ‘అక్కా, నెలకు ఎంత వస్తది?’ అని అడుగుతాడు, ఆమె ఏదో చెబుతుంది, లోన్ పాసయ్యేంత రాస్తారు. నెలాఖరు టార్గెట్ మెడ మీద ఉన్నప్పుడు ఆ అంకె కొంచెం పెద్దగా రాయాలన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. దేశమంతటికీ వర్తించే రక్షణ గోడ మొత్తం ఆ ఒక్క గడి మీద నిలబడి ఉంది, ఆ గడి నింపేవాడి జీతమేమో లోన్లు పాసవడం మీద నిలబడి ఉంది.

పైగా మా దిక్కు నెల ఆదాయం అనేదే సరిగ్గా కుదరని మాట. మిర్చి వేసిన ఇంటికి డబ్బు కనపడేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో కాంటా అయ్యాక. పత్తి అయితే దసరా దీపావళి నుంచి విడతలుగా వస్తుంది. మధ్యలో కూలి, పాలు, ఉపాధి హామీ పని, కొడుకు హైదరాబాద్ నుంచి పంపే నాలుగు పైసలు. కిస్తీ మాత్రం పదిహేను రోజులకో నెలకో తప్పకుండా కట్టాలి. జూన్, జులైలలో విత్తనం, ఎరువు కొనే రోజుల్లో కట్టే కిస్తీ ఎక్కడి నుంచి వస్తుంది? అడ్తిదారు దగ్గర తెచ్చిన మిత్తి పైసల నుంచి, చిట్టీ పాడుకున్న పైసల నుంచి, లేదంటే రోజువారీ వసూలు చేసే గిరిగిరి అప్పు నుంచి. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తినేసినప్పుడు మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు ఇంటింటా ఏం జరిగిందో చూసినవాళ్లెవరూ వసూలు శాతాన్ని చూసి పరిస్థితి అంచనా వేయరు. ఆ నష్టం ముందు ఇంట్లో బంగారంలో కనబడుతుంది, తర్వాత పిల్లల ఫీజుల్లో కనబడుతుంది, కంపెనీ షీటులో అన్నిటికంటే చివర కనబడుతుంది.

ఫండ్లలో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లని నేను అనడం లేదు. పెద్ద జీతాలొచ్చే కార్పొరేట్ ఉద్యోగాలు వదులుకుని నిజాయితీగా ఇటు వచ్చినవాళ్లు ఉన్నారు. మంచి పెట్టుబడులూ జరిగాయి. చిన్న రైతుల కోసం తక్కువ ఖర్చు గ్రీన్‌హౌస్ చేసిన హైదరాబాద్ సంస్థ ఖేతీకి 2022లో ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది, అలాంటి పనికి ఓపిక ఉన్న డబ్బు లేకపోతే రెండో సీజను కూడా దాటదు. సమస్య వాళ్ల జీతభత్యాల లెక్కలో ఉంది. ఫండ్ మామూలుగా పదేళ్ల గడువుతో పెడతారు. మొదటి నాలుగైదేళ్లలో డబ్బు పెట్టేయాలి, చివరికల్లా వాటా అమ్ముకుని బయటపడాలి. నిర్వహణ ఫీజు ఏటా 2 శాతం చుట్టూ, అనుకున్న రాబడి దాటితే లాభంలో 20 శాతం దాకా వాటా. ఈ లెక్కలో ఎక్కడా అప్పు తీసుకున్న ఇంటి పరిస్థితికి చోటు లేదు. కొలతలు బోలెడున్నాయి, ఐరిస్ అని పెద్ద జాబితా ఉంది, ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ ముందుండి 2019లో తెచ్చిన సూత్రాలున్నాయి. అవి రిపోర్టులోకి పోతాయి, బోనస్‌లోకి పోవు. బోనస్‌లోకి పోని కొలతను పని ఒత్తిడిలో ఎంత మంచివాడైనా వెనక్కి నెడతాడు.

దీనికి మన పక్కనే ఇంకో దారి నడిచింది. భీమదేవరపల్లి మండలం ముల్కనూర్‌లో 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి మొదలుపెట్టిన సహకార సంఘం అప్పు ఇస్తుంది, ఎరువు విత్తనం ఇస్తుంది, పంట కూడా తానే కొంటుంది. అప్పు పంట మీద ఇచ్చి పంట మీదే జమ చేసుకుంటుంది కాబట్టి కిస్తీకీ కోతకీ పొత్తు కుదురుతుంది. అదే ఊళ్లో ఆడవాళ్లు సభ్యులుగా, యజమానులుగా 2000లో మొదలైన స్వకృషి డెయిరీ ఉంది. దాని వెనకాల 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉంది, వరంగల్, కరీంనగర్ పల్లెల్లో సహవికాస అనే సంస్థ ఏళ్ల తరబడి నిలబెట్టిన మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి. అక్కడ పనిచేసే మేనేజరు, అకౌంటెంటు కూడా సామాజిక ఫైనాన్స్ ఉద్యోగులే. తేడా ఏమిటంటే వాళ్లు మహాసభలో అప్పు తీసుకున్న మనిషి ముందు నిలబడి జవాబు చెప్పాలి, పాల వెన్న శాతంలో తేడా వస్తే మరుసటి రోజే అడిగే అక్కలుంటారు. బయటపడే తేదీ లేదు. ఇలాంటి సంఘాలు అన్నిచోట్లా నిలబడవని, చాలా ఊళ్లలో రాజకీయాలతో పాడయ్యాయని నాకూ తెలుసు. బయటి పెట్టుబడి వద్దని నేను అనను, ముల్కనూర్‌లో జవాబు చెప్పే పద్ధతి ఏదుందో దాన్ని ఫండ్ల ఉద్యోగాల్లోకి తెమ్మంటున్నాను.

అలా షరతులు పెడితే డబ్బు రాదంటారు. రాజస్థాన్‌లో వచ్చింది. భీల్వాడా జిల్లాలో 2015 నుంచి మూడేళ్లు ఎడ్యుకేట్ గర్ల్స్ అనే సంస్థకు యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ ముందుగా డబ్బు పెట్టింది. బడి మానేసిన ఆడపిల్లలు చేరితే, పిల్లలు నిజంగా చదువు నేర్చుకుంటేనే చైల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్ తిరిగి చెల్లిస్తుంది. కొలిచింది ఆ ఇద్దరూ కాదు, ఐడీఇన్‌సైట్ అనే మూడో సంస్థ. పిల్లల నేర్చుకోలు పెట్టుకున్న లక్ష్యంలో 160 శాతానికి చేరింది, పెట్టుబడి పెట్టినవాళ్లకు ఏడాదికి 15 శాతం రాబడి వచ్చింది. అది చిన్న ప్రయోగం, కొలవడానికే ఖర్చు బాగా అయింది, నిజమే. అయినా ఫలితానికీ చెల్లింపుకూ ముడి వేయొచ్చని తేలింది. అదే ముడి ఫండ్ మేనేజర్ లాభవాటాకు ఎందుకు వేయకూడదు? ఆ 20 శాతంలో కొంత భాగాన్ని ఆపి, వాటా అమ్ముకున్న రెండు మూడేళ్ల తర్వాత అప్పు తీసుకున్న ఇళ్లను ఫండ్ డబ్బు తీసుకోని మనుషులు అడిగి వచ్చాకే ఇవ్వండి. బంగారం కుదువపెట్టారా, పిల్లను బడి మాన్పించారా, ఇంకో అప్పుతో ఈ అప్పు కట్టారా, ఈ మూడు ప్రశ్నలు చాలు. ఫోన్ సర్వేలతో ఇది అంత ఖర్చు కూడా కాదు.

సామాజిక సంస్థలు జనం నుంచి డబ్బు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. 2019 బడ్జెట్లో చెప్పారు, 2022లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధనలు తెచ్చింది, 2023 చివర్లో తొలి సంస్థ లిస్టయింది, ఇప్పుడు వెయ్యి రూపాయలతో కూడా మామూలు మనుషులు అందులో డబ్బు పెట్టొచ్చు. ఫలితాన్ని తనిఖీ చేయడానికి సోషల్ ఇంపాక్ట్ అసెసర్ అనే కొత్త ఉద్యోగమే పుట్టింది, పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మంచిదే. ఆ పరీక్ష రాసేవాళ్లలో ఫీల్డ్ స్టాఫుగా పనిచేసి వచ్చినవాళ్లు ఎంతో కొంత ఉండేలా చూడాలి. ఐదేళ్లు గ్రూపు మీటింగులు నడిపిన కుర్రాడు ఒక వాకిట్లో కూర్చున్న ఐదు నిమిషాల్లో పట్టుకునే విషయాన్ని, ఫైళ్లు మాత్రమే చూసిన ఆడిటరు ఐదు రోజులకైనా పట్టుకోలేడు.

కాకతీయ యూనివర్సిటీ నుంచో, నిట్ నుంచో ఈ రంగంలోకి వెళ్దామనుకునే పిల్లలు ఇంటర్వ్యూలో కంపెనీని తిరిగి రెండు ప్రశ్నలు అడగండి. మీ ఫీల్డ్ ఆఫీసర్లు సగటున ఎన్ని నెలలు ఉంటున్నారు, వాళ్లు వద్దన్న లోను పైనుంచి పాసైన సందర్భాల లెక్క మీ దగ్గర ఉందా? ఈ రెండింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగిన చోట చేరండి, చేరాక మొదటి ఆర్నెల్లు బ్రాంచిలోనే వెయ్యమని పట్టుబట్టండి.