గుహలకు ముప్పా, గుహలతో ముప్పా?

పాత కట్టడానికి ఏ వైపు నుంచి ఎంత ముప్పు ఉందో లెక్క కట్టడానికి ఒక శాస్త్రీయ పద్ధతి ఉందని చాలామందికి తెలియదు. రోమ్‌లోని ఇక్రోమ్ అనే అంతర్జాతీయ వారసత్వ పరిరక్షణ సంస్థ, కెనడా ప్రభుత్వ పరిరక్షణ సంస్థ కలిసి తయారుచేసిన ఆ పద్ధతి పేరు ఏబీసీ. ప్రతి ముప్పుకీ మూడు ప్రశ్నలు. ఎంత తరచుగా వస్తుంది, తగిలిన చోట ఎంత పోతుంది, మొత్తంలో ఎంత భాగానికి తగులుతుంది. ఒక్కోదానికి 5 మార్కులు, మొత్తం 15. వీధికో ర్యాంకుల హోర్డింగు ఉన్న బెజవాడలో మార్కులంటే ఎవరికి చేదు? కాకపోతే ఇక్కడ 15కి 15 వస్తే ఫ్లెక్సీ కట్టే పనిలేదు. సరుకే మిగలదు.

మా అపార్టుమెంటు ఐదో శతాబ్దం నాటి మొగల్రాజపురం గుహలకు దగ్గర. ఆ పాటి పౌరబాధ్యత ఉండాలి కదా అని ఫారం ముందేసుకుని కూర్చున్నాను. రోమ్ వాళ్లు గుర్తించిన శత్రువులు పది: భౌతిక శక్తులు, దొంగలూ ఆకతాయిలూ, నిప్పు, నీరు, పురుగూ పుట్రా, కాలుష్యం, వెలుతురు, సరికాని ఉష్ణోగ్రత, సరికాని తేమ, చివరిది వస్తువుకీ దాని వివరానికీ సంబంధం తెగిపోవడం.

సరికాని ఉష్ణోగ్రత దగ్గర పెన్ను ఆగిపోయింది. మే నెలలో బెజవాడకు సరైన ఉష్ణోగ్రత ఏది? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మన పెద్దవాళ్లు రోమ్‌ని అడక్కుండానే తేల్చేశారు. పగలు కాలి, రాత్రి చల్లారి, ఏటా అదే పని చేసే రాయి ఎప్పటికో పెచ్చులు లేస్తుంది. ఈ వరుసలో మార్కులు వేసేశాను. రోళ్లకు వేసినన్నే గుహలకూ వేశాను.

నీటి దగ్గర ఇంకో చిక్కు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, ఇలాంటిది మళ్లీ మన జన్మలో చూడమని అందరం అనుకున్నాం. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. 'ఎంత తరచుగా' అన్న గడిని పెన్సిల్‌తో నింపాను.

పదో శత్రువుకు మాత్రం మన ఊళ్లోనే చక్కటి ఉదాహరణ దొరికింది. ఇంద్రకీలాద్రి అడుగున ఉన్న అక్కన్న మాదన్న గుహలు చూడండి. కొండ తొలిచినవాళ్లెవరో, తొలిపించినవాళ్లెవరో తెలియదు. వాళ్ల తర్వాత సుమారు వెయ్యేళ్లకు గోల్కొండ తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న ఇద్దరి పేరు మిగిలింది. పని ఒకరిది, పేరు మంత్రిగారిది. ఈ సంప్రదాయం శిలాఫలకాలు కనిపెట్టాక మొదలైందనుకునేవాణ్ణి.

ఆకతాయిల మీద మాత్రం నిపుణులు మరీ కఠినంగా ఉన్నారు. గోడ మీద బాణం గుచ్చిన గుండె, కింద రెండు పేర్లు కనిపిస్తే వాళ్లకు కడుపు మండుతుంది. అమరావతిలో విధికుడనే చర్మకారుడు పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చి, తన పేరు, తండ్రి పేరు, బంధువుల సంగతి రాయించుకున్నాడు. ఇవాళ పండితులు ఆ అక్షరాలను కళ్లకద్దుకుని చదువుతున్నారు. మన కుర్రాడూ పేరు చెక్కాడు, పిల్ల పేరు చెక్కాడు, తేదీ కూడా వేశాడు. తేడా ఒక్కటే. విధికుడు ముందు రాయిచ్చి తర్వాత పేరు రాయించుకున్నాడు.

ఇంతవరకు నింపి ఫారాన్ని అసోసియేషన్ మీటింగులో పెట్టాను. సెక్రటరీ గారు కళ్లజోడు సర్దుకుని చదివారు. "మాస్టారూ, గుహలకు ముప్పేంటండీ? అన్ని వందల ఏళ్ల నుంచి కదలకుండా కూర్చున్నాయి. మన ప్లాన్ పర్మిషన్ అయితే మూడేళ్లకే చచ్చిపోద్ది. ఇందులో రిస్కు ఎవరికో మీరే చెప్పండి."

నిజమే కదా అనిపించింది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే గుహ చుట్టూ 300 మీటర్ల మేర భూమి రేటుకు బెంగ. గుహలో ఉన్న అర్ధనారీశ్వరుడు ఇన్ని వందల ఏళ్లలో ఒక్క అంతస్తు కూడా పెంచమని అడగలేదు. ఆయన చుట్టుపక్కలవాళ్ల సంగతి అలా కాదు. కొడుకు అమెరికా నుంచి డబ్బు పంపుతాడు, పైన పెంట్‌హౌస్ వేద్దామంటే కింద ఐదో శతాబ్దం అడ్డం వస్తుంది. ఫారాన్ని తిరగేసి గుహ వల్ల కాలనీకి ఉన్న ముప్పు లెక్క వేశాం. ఎంత తరచుగా? ప్రతి రిజిస్ట్రేషన్‌కీ. తగిలిన చోట ఎంత పోతుంది? ఒక అంతస్తు. ఎంత భాగానికి? 300 మీటర్లకు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కట్టడాన్ని ధ్వంసం చేస్తే రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయని నేను గుర్తు చేశాను. లక్షకు మొగల్రాజపురంలో ఎన్ని గజాలొస్తాయని ఎవరో అడిగారు. నవ్వులు. టీ వచ్చింది.

మా కాలనీ ఏదో కొత్తగా చెడిపోయిందని మాత్రం అనకండి. మాకు ఘనమైన వారసత్వం ఉంది, నదికి అటు పక్క అమరావతిలో. అక్కడి స్తూపాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కొత్త ఊరు కట్టుకుంటుంటే దగ్గర్లో తయారుగా రాయి దొరికింది. ఆయన చెడ్డపని చేస్తున్నాననుకోలేదు, ఊరు కడుతున్నారు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి చూసి ఆశ్చర్యపోయాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడుమ తవ్వి చెరువు చేసేశారు. నీళ్ల కోసం చెరువు తవ్వితే ఎవరు తప్పుపడతారు? కొన్ని పలకలు మెట్లయ్యాయి, కొన్ని కాలి సున్నమయ్యాయి. ఆ సున్నంతో ఎవరి ఇంటి గోడ తెల్లబడిందో, వాళ్లకది పండగ.

తర్వాత దొరలొచ్చారు, వాళ్లవీ మంచి ఉద్దేశాలే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసు పంపాడు. అక్కడ చాలాకాలం ఎండా వానా అనుభవించాక 1859లో అవి లండన్ ఓడెక్కాయి. 1877లో రాబర్ట్ సూయెల్ ఇంకొంచెం తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు స్వయంగా శ్రద్ధ తీసుకుని స్థలాన్ని మొత్తం తవ్వి శుభ్రం చేయమని ఆదేశించారు. శుభ్రమైంది. ఆ మరుసటి ఏడు పురావస్తు అధికారి జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలకు ఉష్ణోగ్రత సరైనది, తేమ సరైనది, పురుగు లేదు, పుట్ర లేదు. ముప్పు లెక్క ప్రకారం ఇంత సురక్షితమైన ఉమ్మడి గుంటూరు జిల్లా ఆస్తి ఇంకోటి లేదు.

భట్టిప్రోలుది ఇంకా సూటి కథ. స్తూపం ఇటుక రోడ్డుకు పోయింది, రాతి పలకలు కాలువ మీద తూముకు పోయాయి. మిగిలిన గర్భంలో 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు, బయటికి తీయబట్టి వాటి మీది అక్షరాలను భట్టిప్రోలు లిపి అని చదువుకుంటున్నాం. అదృష్టం ఏమిటంటే ఆ పేటికలు తూముకు సరిపోయే సైజులో లేవు.

నాగార్జునకొండను వెక్కిరించడానికి మాత్రం నాకు నోరు రాదు. 1926లో లోకం కళ్లబడిన లోయ అది. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేసేటప్పటికే నీళ్లు వస్తాయని ఖాయం. ముప్పు ఎప్పుడొస్తుందో ముందే తెలిసిన స్థలం ప్రపంచంలో అరుదు. ఆర్. సుబ్రహ్మణ్యం బృందం 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ, అనుపు దగ్గరికీ చేర్చింది. ఆ సాగర్ కాలువ నీళ్లతో పండిన బియ్యమే మా ఇంట్లో ఉడుకుతోంది కాబట్టి ఈ పేరా ఇంతటితో ఆపుతాను.

ఇవన్నీ వరసగా రాసుకున్నాక రోమ్ వాళ్ల జాబితాలో ఒక లోటు కనిపించింది. పది వరుసల్లో ఎక్కడా మంచి పని చేసేవాడు లేడు. ఊరు కట్టేవాడు, చెరువు తవ్వేవాడు, రోడ్డు వేసేవాడు, శుభ్రం చేయించేవాడు. దొంగ ఒక విగ్రహం ఎత్తుకుపోతాడు, పట్టుకుంటే తిరిగొస్తుంది. మంచి పనికి రికవరీ లేదు. అందుకే పదకొండో వరుస గీసి, 'అభివృద్ధి పనులు' అని రాసి, మూడు గడుల్లోనూ అయిదేసి మార్కులు వేశాను.

ఈ వరుసకు ఇప్పటి పేరు సుందరీకరణ. ఉండవల్లి గుహలకు వెళ్లిన ప్రతి పెద్దమనిషికీ చేతులు దురద పెడతాయి. నాలుగు అంతస్తుల కొండను తొలిచి, లోపల అయిదు మీటర్లకు పైగా పొడవున్న అనంతశయనుణ్ణి పడుకోబెట్టినవాళ్లు టైల్స్ వేయడం మర్చిపోయారని వీళ్ల బాధ. స్టీలు రెయిలింగు కావాలి, రంగులు మారే లైట్లు కావాలి, గుండె బొమ్మతో సెల్ఫీ పాయింటు కావాలి. బీట ఉంటే సిమెంటు మెత్తేస్తే పోలా అంటారు. లోపలి తడిని సిమెంటు బయటికి పోనివ్వదు, లోపలే ఉప్పు పేరుకుని చుట్టూ ఉన్న రాయి రాలుతుంది. సిమెంటు మాత్రం భద్రంగా ఉంటుంది. వెయ్యేళ్ల తర్వాత వచ్చే పండితుడికి ఆ సిమెంటే దొరుకుతుంది.

కొండ మీది వాననీరు గుహలోకి దిగకుండా పైన చిన్న కాలువ ఉంటే దాంట్లో ఆకులూ, కుర్‌కురే కవర్లూ తీసెయ్యాలి. రాతి సందులో రావి మొక్క వేలెడు ఉన్నప్పుడే పీకెయ్యాలి. ఏటా అవే పగుళ్లను అదే కోణంలో ఫొటో తీసి, పెరిగాయా లేదా అని చూసుకోవాలి. చీపురు, కత్తెర, కెమెరా చాలు. దీనికి టెండరు పిలవలేం, రిబ్బను కట్టలేం, శిలాఫలకం అంటించడానికి చోటూ లేదు. అందుకే ఎవరికీ ఆసక్తి లేదు.

ఫారంలో ఆఖరి గడి 'ముప్పు తగ్గించే మార్గం'. చాలాసేపు ఆలోచించి, ఈ ప్రాంతంలో గుహలను ఇన్నాళ్లూ నిజంగా కాపాడిందెవరో చూశాను. సంబంధిత అధికారుల దివ్యసముఖమునకు రాసుకున్న మనవి ఇది. అయ్యా, సుందరీకరణకు సంబంధించిన ఫైలు ఇప్పుడు ఏ టేబుల్ మీద ఉన్నదో దయచేసి ఆ టేబుల్ మీదనే ఉంచగలరు. వీలైతే మరికొన్ని వివరణలు కోరుతూ కింది ఆఫీసుకు వెనక్కి పంపగలరు. ఈలోగా ఒక చీపురు మంజూరు చేయించగలరని ప్రార్థన. అదీ కుదరకపోతే మేమే కొనుక్కుంటాం, ఓచరు పాస్ చేస్తానని సెక్రటరీ గారు మాటిచ్చారు. వచ్చే మీటింగులో.