కదలదు, కదిలితే ఆగదు

కారు దొర్లుతుందంటే ఆ గొప్ప కారుది కాదు, టైర్లది. టైర్లతో పాటు ఇరుసులూ స్ప్రింగులూ ఊడదీసి, ఒట్టి ఛాసిస్‌ను షెడ్డు నడిమధ్యన నాలుగు జాక్ స్టాండ్ల మీద నిలబెట్టాక గానీ ఈ సంగతి మా బావకి తట్టలేదు. ఇంజను, గేర్‌బాక్సు, బాడీ అన్నీ పోగా మిగిలింది ఇనుప చట్రమే. చూడ్డానికి బక్కగానే ఉంటుంది, ఎత్తబోతే రెండొందల కిలోలు. దాని వెనకాల అక్క స్కూటరు ఇరుక్కుపోయింది.

"జరిపితే పోయె" అన్నాడు బావ. ఆయన నోట ఆ మాట వస్తే చాలు, మా అక్క దూది, టింక్చరు ఎక్కడున్నాయో చూసుకుంటుంది.

ముందు పైపులు వేశాం. పైపుల మీద ఛాసిస్ తిన్నగా పోతుంది, అంతవరకు బాగానే ఉంది. కాకపోతే వెనక బయటపడ్డ పైపును పరుగున తెచ్చి ముందు పరచడానికో మనిషి కావాలి. ఆ మనిషిని నేను. మలుపు తిప్పాలంటే పైపులన్నిటినీ సుత్తితో పక్కకు కొట్టుకుంటూ పోవాలి. మా షెడ్డులో తిన్నగా పోవాల్సింది మూరెడు, మిగతాదంతా మలుపే.

"బావా, ఎటైనా తిరిగే క్యాస్టర్ చక్రాలు కొందాం" అన్నాను.

కొనడం అన్న మాటకి బావ ముఖం ముడుచుకుంది. కాసేపటికి విచ్చుకుంది. అది ఇంకా ప్రమాదం. లోపలికి వెళ్లి, అక్క కంప్యూటరు ముందు కూర్చునే కుర్చీని తలకిందులు చేసి చక్రాలు పీక్కొచ్చాడు.

"రెండొందలని నాలుగుతో భాగించు. తలా యాభై!"

లెక్క తప్పని చెప్పాను. నేల అద్దంలా ఉండదు, ఎక్కడో ఒక చక్రం గాల్లో తేలుతుంది, మూడే మోస్తాయి. కాబట్టి మూడుతో భాగించుకోవాలి, అంటే ఒక్కోటి దాదాపు 67 కిలోలు. ఈ చక్రాలేమో వంద కిలోల మనిషిని ఐదూ కలిసి మోసినవి, తలా ఇరవై.

"ఐదోది స్పేరుగా ఉంది కదరా" అన్నాడు బావ.

రెండు దుంగలకి చివర్లలో చక్రాలు బిగించి, ఛాసిస్‌ను వాటి మీదికి దించి తాళ్లతో కట్టాం. నెడితే కదిలింది! బావ నా వైపు ఎలా చూశాడో రాయను. గోడ అడ్డొచ్చి వెనక్కి లాగాం చూడండీ, అప్పుడు మొదలైంది. క్యాస్టర్ చక్రం తను పక్కలకు తిరిగే నిలువు పిన్ను కింద సరిగ్గా ఉండదు, కాస్త ఎడంగా వెనక్కి ఉంటుంది. అందుకే ఎటు నెడితే అటు తిరుగుతుంది. దిక్కు మారిందంటే అరచుట్టు తిరిగి తీరాలి. నాలుగూ తిరిగాయి, ఒక్కోటి ఒక్కో వైపు. ఆ తిరుగుడులో ఛాసిస్ జానెడు పక్కకు గెంతింది. ఆ జానెడులో బావ కాలుంది.

రెండు చక్రాలైనా పక్కకు తిరగనివి ఉంటే బండి దారిన పోతుందని, కాలికి కట్టు కట్టేటప్పుడు చెప్పాను. కట్టు కడుతుండగా చెప్పిన ఏ సలహా అయినా వెటకారంగానే వినిపిస్తుంది కాబోలు, కసురుకున్నాడు.

మళ్లీ నెట్టాం. నడుస్తున్నది నడుస్తున్నట్టే ఠక్కున ఆగింది. ఇద్దరం ఆనించి తోసినా లాభం లేదు. వంగి చూస్తే ముందు చక్రం కింద ఓ నట్టు! బావ దేని కోసమైతే డబ్బాలన్నీ బోర్లించి, నన్నూ అనుమానించి, ఆశ వదులుకున్నాడో, సాక్షాత్తూ ఆ నట్టే. 50 మిల్లీమీటర్ల చక్రం 10 మిల్లీమీటర్ల నట్టు ఎక్కాలంటే, దాని మీదున్న బరువు కంటే ఎక్కువ బలంతో తొయ్యాలి. 125 మిల్లీమీటర్ల చక్రానికైతే అందులో సగం చాలు. ఈ లెక్క బావకి వినిపించలేదు. గునపం పెట్టి చక్రం లేపి, నట్టు తీసి, వెలుగులో తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

గునపం తీశాక ఛాసిస్‌కి అడ్డేమీ లేదు.

కడిగిన నీళ్లు బయటికి పోవాలని షెడ్డు నేలని తలుపు వైపు వాలుగా పోస్తారు. మీటరుకి రెండు సెంటీమీటర్ల వాలున్నా చాలు, రెండొందల కిలోల బరువుని నాలుగు కిలోల బలం అదే పనిగా లాగుతుంటుంది. ఇంతసేపూ గీచుకుని, గెంతి, మొరాయించినది ఇప్పుడు చప్పుడు లేకుండా బయల్దేరింది. "పట్టరా!" అన్నాడు బావ, తను గోడకి ఆనుకుంటూ. గుమ్మం దగ్గర ఓ చక్రం విరిగి, ఛాసిస్ ఐమూలగా బిగుసుకుపోయింది. సగం లోపల, సగం బయట. షట్టర్ దిగదు, స్కూటరు రాదు, మేమిద్దరం కిందనుంచి పాక్కుంటూ బయటపడాలి.

అక్క వచ్చి చూసింది. "ఏమండీ, ఇది బయటికి పోతోందా, లోపలికి వస్తోందా?"

"దీన్ని కదపడానికి అన్నిటికంటే తేలిక మార్గం దొరికిందోయ్" అన్నాడు బావ, మసి చేత్తో గడ్డం గోక్కుంటూ. "నాలుగు టైర్లూ ఇంజనూ బిగించేస్తే, అదే నడుచుకుంటూ పోతుంది."

"మరి నా కుర్చీకీ ఇంజనేనా?"